ద్వీపాంతరవాసి

కారాగారమనగానే ఎత్తయిన గోడలు, ఇనుప ఊచలు, తాళాలు మన మనస్సులో మెదలుతాయి. గోడలు లేని కారాగారాలు కూడా చరిత్రలో ఉన్నాయి. ఒకవైపు మహాసముద్రం, మరొకవైపు నీరు దొరకని అడవి. ఈ రెండే అక్కడ కాపలాదారులు. ఖైదీ పారిపోదలచుకుంటే ఆపే గోడ లేదు. కాని పారిపోయి చేరుకోవడానికి చోటు కూడా లేదు. నేరస్థుణ్ణి స్వదేశం నుండి వేల మైళ్ల దూరానికి తరలించి, అక్కడే చాకిరీ చేయిస్తూ బ్రతుకంతా గడిపేటట్లు చేసే ఈ దండననే ద్వీపాంతరవాస శిక్ష అన్నారు.

ఈ మాట తెలుగువారికి కొత్తది కాదు. 1857 తిరుగుబాటు అనంతరం బ్రిటిషు ప్రభుత్వం 1858లో అండమాన్ దీవులలో ఖైదీల స్థావరాన్ని నెలకొల్పింది. అల్లూరి సీతారామరాజు నాయకత్వాన 1922–24 మధ్య సాగిన మన్యం పోరాటంలో పాల్గొన్నవారిలో కొందరిని కూడా ఆ దీవులకే తరలించారు. అండమాన్ కథ మనకు తెలిసినదే. అయితే అదే ప్రభుత్వం అంతకు ముందే మరొక ఖండాన్ని ఇదే పనికి వాడుకున్నది. ఆ ఖండం ఆస్ట్రేలియా. అక్కడకు తరలింపబడిన వేలాది ఐర్లండు ఖైదీలలో ఒకడైన జాన్ బాయిల్ ఓరైలీ జీవితం ఆ శిక్ష స్వరూపాన్ని, దానికి లొంగని మానవ సంకల్పాన్ని ఏకకాలంలో చూపుతుంది.

శిక్ష పుట్టుక

పద్దెనిమిదవ శతాబ్దంలో బ్రిటన్ శిక్షాస్మృతి మిక్కిలి కఠినమైనది. చిన్న దొంగతనాలకు కూడా ఉరిశిక్ష విధించే చట్టాలు ఉండేవి. ఉరి తీయడానికి మనసొప్పని న్యాయమూర్తులు దోషులను సముద్రం దాటించేవారు. మొదట అమెరికా వలస రాజ్యాలు ఈ ఖైదీలను స్వీకరించాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంతో 1775 తరువాత ఆ దారి మూసుకుపోయింది. చెరసాలలు నిండిపోయాయి. పాతబడిన ఓడలను నదులలో నిలిపి, వాటినే జైళ్లుగా వాడవలసి వచ్చింది. చివరకు ప్రభుత్వం దృష్టి ఆస్ట్రేలియాపై పడింది. 1788 జనవరిలో ఖైదీలతో కూడిన మొదటి నౌకాదళం అక్కడికి చేరుకున్నది.

ఆనాటి నుండి 1868 వరకు, ఎనభై సంవత్సరాలలో సుమారు 1,62,000 మందిని ఆస్ట్రేలియాకు తరలించారు. వారిలో దాదాపు నాలుగవ వంతు ఐర్లండువారు. ఐర్లండు నుండి నేరుగా బయలుదేరిన మొదటి ఖైదీల ఓడ 1791లో సిడ్నీ చేరింది. వీరిలో అత్యధికులు చేసిన నేరాలు చిల్లర దొంగతనాలే. రాజకీయ కారణాలతో శిక్షపడినవారు సంఖ్యలో తక్కువే అయినా, వారి కథలు దేశ చరిత్రలో నిలిచిపోయాయి.

తూర్పు తీరంలోని న్యూ సౌత్ వేల్స్‌కు 1840లోను, టాస్మేనియాకు 1853లోను ఖైదీల తరలింపు ఆగిపోయింది. పశ్చిమ ఆస్ట్రేలియా కథ ఇందుకు భిన్నమైనది. 1829లో స్వేచ్ఛా వలసగా మొదలైన ఆ ప్రాంతంలో కూలీలు దొరకక వలసదారులు అవస్థపడ్డారు. దారులు, వంతెనలు, రేవులు కట్టేవారు లేరు. తమకు ఖైదీలను పంపవలసిందిగా వారే ప్రభుత్వాన్ని కోరుకున్నారు. 1850 నుండి 1868 వరకు తొమ్మిది వేలకు పైగా ఖైదీలు అక్కడకు చేరారు. అందరూ పురుషులే. వీరంతా పనిచేసిన నేల నూంగార్ ప్రజలది. తరతరాలుగా ఆ నేలపై బ్రతికిన ఆ ఆదివాసులు వలస పాలనలో తమ భూములను పోగొట్టుకున్నారు. ఒకరి స్వేచ్ఛను హరించి, వారి శ్రమతో మరొకరి నేలపై రాజ్యం కట్టడం ఈ వ్యవస్థ లక్షణం.

కరవుకాలపు బాల్యం

జాన్ బాయిల్ ఓరైలీ 1844 జూన్ 28న ఐర్లండులోని మీత్ జిల్లాలో, డ్రోహెడా పట్టణ సమీపాన గల డౌత్ అనే చోట జన్మించాడు. తండ్రి విలియం డేవిడ్ ఓరైలీ ఉపాధ్యాయుడు. తల్లి ఎలిజా బాయిల్. విద్యాగంధం గల ఇల్లు కావడంతో ఆ బాలునికి చిన్ననాటనే పుస్తకాలపై ప్రీతి కలిగింది.

అతడు పుట్టిన మరుసటి సంవత్సరమే ఐర్లండును మహాక్షామం కబళించింది. పేదల ఏకైక ఆహారమైన బంగాళాదుంప పంటకు తెగులు సోకి, 1845 నుండి కొన్నేళ్లపాటు పంట చేతికి రాలేదు. సుమారు పది లక్షలమంది ఆకలితోను, వ్యాధులతోను మరణించారు. అంతకంటె ఎక్కువమంది ఓడలెక్కి దేశం విడిచిపోయారు. అదే కాలంలో ఐర్లండు నుండి ధాన్యం, పశువులు ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే ఉన్నాయి. ఈ విషాదం ఐర్లండు ప్రజల మనస్సులలో మానని గాయమైంది. తమ దేశాన్ని తామే పాలించుకోనిదే బ్రతుకు లేదనే భావం బలపడింది.

ఓరైలీ బాల్యం లోనే డ్రోహెడాలోని ఒక వార్తాపత్రిక ముద్రణాలయంలో అప్రెంటిసుగా చేరి, అచ్చు అక్షరాలు కూర్చడం నేర్చుకున్నాడు. 1859లో ఇంగ్లండులోని ప్రెస్టన్ పట్టణంలో ఉన్న బంధువుల వద్దకు వెళ్లి, అక్కడి పత్రికలో పనిచేశాడు. స్థానిక స్వచ్ఛంద సైనిక దళంలో కూడా చేరాడు. ఆయుధ శిక్షణ అతనికి నచ్చింది. 1863లో ఐర్లండుకు తిరిగివచ్చి, బ్రిటిషు సైన్యంలోని పదవ హుస్సార్ల అశ్వికదళంలో సైనికుడయ్యాడు.

సైనికుడు, విప్లవకారుడు

ఆ రోజులలో ఐర్లండులో ఫీనియన్లు అనే రహస్య సంస్థ వ్యాపిస్తూ ఉన్నది. సాయుధ పోరాటం ద్వారా ఐర్లండును స్వతంత్ర గణతంత్ర రాజ్యంగా చేయాలన్నది వారి ఆశయం. బ్రిటిషు సైన్యంలో పనిచేసే ఐర్లండు యువకులు వేలసంఖ్యలో ఉండేవారు. వారిని తమవైపు త్రిప్పుకుంటే సగం విజయం సాధించినట్లేనని ఫీనియన్లు భావించారు. ఈ పనిని ముందుండి నడిపినవాడు జాన్ డెవాయ్. 1865లో అతని ప్రోద్బలంతో ఓరైలీ సంస్థలో చేరాడు. తన దళంలోని తోటి సైనికులను కూడా చేర్పించసాగాడు.

ఇక్కడ ఒక ధర్మసంకటం ఉన్నది. సైనికుడుగా ఓరైలీ రాణికి విధేయుడనని ప్రమాణం చేశాడు. ఆ ప్రమాణాన్ని భంగం చేయడం సైనిక ధర్మశాస్త్రం ప్రకారం మహాపరాధం. ఆకలితో అలమటించిన జన్మభూమికి తాను పడిన ఋణం అంతకంటె పెద్దదని అతడు నమ్మాడు. బ్రిటిషు పాలకుల దృష్టిలో అతడు ద్రోహి. ఐర్లండు జాతీయవాదుల దృష్టిలో దేశభక్తుడు. ఒకే పనికి రెండు పేర్లు రావడం పరాధీన దేశాల చరిత్రలో తరచు కనబడే విషయమే.

వేగుల ద్వారా ఈ రహస్యం ప్రభుత్వానికి చేరింది. 1866 తొలి నెలలలో సైన్యంలోని ఫీనియన్ల నిర్బంధం మొదలయింది. ఓరైలీ కూడా పట్టుబడ్డాడు. తిరుగుబాటు జరుగబోతున్నదని తెలిసికూడా పై అధికారులకు తెలుపలేదన్నది అతనిపై మోపిన నేరం. సైనిక న్యాయస్థానం అతణ్ణి విచారించి, 1866 జూలై 9న మరణశిక్ష విధించింది. అప్పటికి అతని వయస్సు ఇరవై రెండు సంవత్సరాలు. ఆ శిక్షను మొదట యావజ్జీవ శిక్షగాను, తరువాత ఇరవై ఏళ్ల కఠిన కారాగారవాసంగాను తగ్గించారు.

ఇంగ్లండులో పెంటన్‌విల్, మిల్‌బ్యాంక్, డార్ట్‌మూర్ మొదలైన జైళ్లలో అతడు ఏడాదికి పైగా గడిపాడు. మిల్‌బ్యాంకులో ఏకాంత నిర్బంధం అతని ఓర్పును పరీక్షించింది. డార్ట్‌మూర్ చిత్తడి నేలలలో కాలువలు త్రవ్వే పని శరీరాన్ని క్రుంగదీసింది. పారిపోవాలని ప్రయత్నించి పట్టుబడి, మరింత కఠినమైన శిక్షలు అనుభవించాడు. చివరకు, ఆస్ట్రేలియాకు తరలింపబడే ఖైదీల జాబితాలో అతని పేరు చేరింది.

కడపటి ఓడ

1867 అక్టోబరులో ఇంగ్లండులోని పోర్ట్‌లాండ్ రేవు నుండి హూగోమాంట్ అనే ఓడ బయలుదేరింది. అందులో 280 మంది ఖైదీలు ఉన్నారు. వారిలో 62 మంది ఫీనియన్లు. ఆ 62 మందిలో ఓరైలీ వంటి మాజీ సైనికులు పదిహేడుమంది. సైన్యంలో ఉండి తిరుగుబాటుకు పూనుకున్నారన్న కోపంతో వీరిపట్ల ప్రభుత్వం అధిక కాఠిన్యం వహించింది. మిగిలిన ఫీనియన్లను రాజకీయ ఖైదీలుగా కొంత వేరుగా చూసినా, మాజీ సైనికులను సాధారణ నేరస్థులతో కలిపి లెక్కించింది. ఈ భేదం తరువాతి కాలంలో ఎంత క్రూరమైన ఫలితాన్ని ఇచ్చిందో ముందు తెలుస్తుంది.

సముద్రయానం సుమారు మూడు నెలలు సాగింది. క్రింది అంతస్తులో గాలి, వెలుతురు తక్కువ. ఈ పరిస్థితులలో ఫీనియన్ ఖైదీలు ఒక విశేష కార్యానికి పూనుకున్నారు. చేతివ్రాతతో ఒక పత్రిక వెలువరించారు. దాని పేరు ‘ది వైల్డ్ గూస్’, అనగా అడవి బాతు. పదిహేడవ శతాబ్ది చివర స్వదేశం విడిచి ఐరోపా సైన్యాలలో చేరిన ఐర్లండు వీరులకు ఈ పేరు రూఢమై ఉన్నది. తాము కూడా వలసపోయే పక్షులమేనని వారి భావం. ఓరైలీ దానికి కవితలు, కథనాలు వ్రాశాడు. ప్రతి సంచికనూ ఓడ అడుగు అంతస్తులో లాంతరు వెలుగులో బిగ్గరగా చదివి వినిపించేవారు. మొత్తం ఏడు సంచికలు వెలువడ్డాయి. ఆ వ్రాతప్రతులు నశించక, సిడ్నీలోని రాష్ట్ర గ్రంథాలయానికి చేరాయి. సంకెళ్ల మధ్య నడిచిన ఆ పత్రికలోనే భావి సంపాదకుడు రూపు దిద్దుకున్నాడు.

హూగోమాంట్ 1868 జనవరి 9న ఫ్రీమాంటిల్ రేవు చేరింది. ఆస్ట్రేలియాకు ఖైదీలను చేరవేసిన కడపటి ఓడ ఇదే. ఎనభై ఏళ్లుగా సాగిన ఒక వ్యవస్థ అంతరించబోతున్న తరుణంలో ఓరైలీ ఆ నేలపై కాలుమోపాడు.

9843వ సంఖ్య

ఫ్రీమాంటిల్ జైలు ఖైదీల చేతనే కట్టించిన కట్టడం. అక్కడి సున్నపురాతిని వారే తవ్వి, వారే చెక్కి, తమ చెరను తామే నిర్మించుకున్నారు. దానిలో ప్రవేశించిన ఓరైలీ పేరు పోయి సంఖ్య మిగిలింది. అతడు 9843వ ఖైదీ. ఒంటిపై బాణపు ములికి గుర్తు ముద్రించిన దుస్తులు. ఆ గుర్తు ప్రభుత్వపు సొత్తుకు చిహ్నం. గొడ్డళ్లు, పీపాలు, తాళ్లతోపాటు మనిషి కూడా ప్రభుత్వపు సొత్తేనన్నమాట.

పశ్చిమ ఆస్ట్రేలియాలో శిక్షకు అంచెలు ఉండేవి. కొత్తగా వచ్చిన ఖైదీ మొదట ప్రభుత్వ పనులలో శ్రమించాలి. సత్ప్రవర్తన కనబరిస్తే టికెట్ ఆఫ్ లీవ్ అనే అనుమతి పత్రం లభిస్తుంది. అది ఉన్నవాడు నిర్ణీత ప్రాంతంలో కూలికి పనిచేసుకోవచ్చు. ఆ తరువాత షరతులతో క్షమాభిక్ష. తప్పు చేసినవారికి, పారిపోవ యత్నించినవారికి కొరడా దెబ్బలు, సంకెళ్లతో చాకిరీ తప్పవు. ఆశను, భయాన్ని సమపాళ్లలో కలిపి మనిషిని అదుపులో ఉంచే ఏర్పాటు ఇది.

ఓరైలీని దక్షిణాన ఉన్న బన్‌బరీ ప్రాంతంలో రోడ్లు వేసే బృందానికి పంపారు. పగలంతా ఎండలో చెట్లు నరకడం, నేల చదును చేయడం. రాత్రి అడవిలోని గుడిసెలో నిద్ర. చదువు, మంచి దస్తూరి ఉండటంచేత లెక్కలు వ్రాసే పని, పై అధికారులకు కాగితాలు చేరవేసే పని కూడా అతనికి అప్పగించారు. ఈ పని మీద అడవి దారులలో ఒంటరిగా తిరిగే వీలు కలిగింది. ఆ ప్రాంతపు పక్షులను, వృక్షాలను, ఆదివాసుల బ్రతుకును అతడు శ్రద్ధగా గమనించాడు. కాలాంతరంలో అతని కవితలకు అవి వస్తువులయ్యాయి.

అతని మిత్రుడు, జీవితచరిత్రకారుడు అయిన జేమ్స్ జెఫ్రీ రోచ్ ఒక ఉదంతం చెప్పాడు. రోడ్డు వేయవలసిన గీతకు అడ్డంగా ఒక మహావృక్షం ఉన్నది. దానిని కూల్చమని ఆజ్ఞ. దాని సౌందర్యానికి ముగ్ధుడైన ఓరైలీ మేస్త్రీని, ఆపై అధికారిని వేడుకున్నాడు. అధికారి స్వయంగా వచ్చి చూశాడు. చివరకు చెట్టును వదిలి రోడ్డునే వంపు తిప్పారట. తన స్వేచ్ఛ కోసం ఎవరినీ ప్రాధేయపడని ఖైదీ ఒక చెట్టు ప్రాణం కోసం ప్రాధేయపడటం ఈ ఉదంతంలోని విశేషం.

పలాయనం

ఒంటరిగా అడవిలోకి పారిపోవాలన్న ఆలోచన ఓరైలీకి కలిగింది. ఆ మాట అక్కడి ఐర్లండు మతాచార్యుడైన ఫాదర్ పాట్రిక్ మెకేబ్‌కు చెప్పాడు. అది ఆత్మహత్యతో సమానమని, తొందరపడవద్దని ఆయన హెచ్చరించాడు. తానే మార్గం చూస్తానని మాట ఇచ్చాడు. ఆ తీరానికి అమెరికా నుండి తిమింగలాల వేట ఓడలు వచ్చిపోతుండేవి. అటువంటి ఓడ ఒకదానిలో ఓరైలీని ఎక్కించాలన్నది పథకం. స్థానిక రైతు జేమ్స్ మగ్వైర్ ఇందుకు తోడ్పడ్డాడు. పట్టుబడితే వీరికి కూడా శిక్ష తప్పదు. అయినా వెనుకాడలేదు.

1869 ఫిబ్రవరి 18 రాత్రి ఓరైలీ గుడిసె విడిచి అడవిలోకి నడిచాడు. గుర్రాలతో వేచి ఉన్న మగ్వైర్, అతని సహచరులు తీరానికి తీసుకొనిపోయారు. తెడ్ల పడవలో సముద్రంలోకి సాగి, ఒక నిర్జన తీరంలోని ఇసుక దిబ్బల నడుమ దాగారు. త్రాగునీరు లేదు. ఎండ మండిపోతున్నది. ఎదురుచూచిన విజిలెంట్ అనే ఓడ కనిపించింది. ఓరైలీ పడవలో ఎదురువెళ్లాడు, కేకలు వేశాడు. ఓడ అతణ్ణి గమనించక సాగిపోయింది. స్వేచ్ఛ కంటికి కనబడేంత దగ్గరకు వచ్చి దూరమయింది.

అతడు మరికొన్ని దినాలు దాగి ఉన్నాడు. ఫాదర్ మెకేబ్ నిరాశపడలేదు. గెజెల్ అనే మరొక ఓడ కెప్టెనుతో మాట్లాడి, ప్రయాణానికి డబ్బు కూడా చెల్లించాడు. మార్చి తొలి రోజులలో ఓరైలీ గెజెల్ ఎక్కాడు. ఆ ఓడలోని మూడవ అధికారి హెన్రీ హాతవే అతనికి ప్రాణమిత్రుడయ్యాడు.

ఆపద అంతటితో తీరలేదు. హిందూ మహాసముద్రంలోని రోడ్రిగ్స్ ద్వీపం బ్రిటిషువారి అధీనంలో ఉండేది. గెజెల్ అక్కడ ఆగినపుడు, పారిపోయిన ఖైదీ కోసం అధికారులు ఓడను తనిఖీ చేయవచ్చారు. ఆనాటికి ఏదో విధంగా అతణ్ణి దాచగలిగినా, మరునాడు మరల వస్తారన్నది నిశ్చయం. ఆ రాత్రి హాతవే ఒక ఉపాయం పన్నాడు. ఓరైలీని ఓడలోని ఒక అరలో దాచి, బరువైన సానరాతిని, అతని టోపీని సముద్రంలోకి విసిరాడు. మనిషి నీటిలో పడ్డాడని కేకలు వినిపించాయి. నావికులు పడవలు దించి వెదికారు. టోపీ మాత్రమే దొరికింది. సంగతి తెలియని నావికులు నిజంగానే దుఃఖించారు. మరునాడు వచ్చిన అధికారులు, సగానికి దించిన జెండాను చూసి, మునిగి చనిపోయాడని నమ్మి వెళ్లిపోయారు.

ఆ తరువాత దక్షిణాఫ్రికా సమీప జలాలలో గెజెల్‌ను విడిచి, మారుపేరుతో మరొక అమెరికా ఓడలో ఇంగ్లండులోని లివర్‌పూల్ చేరాడు. తనకు మరణశిక్ష విధించిన దేశంలోనే కొన్నిరోజులు రహస్యంగా గడిపి, అక్కడి నుండి మరొక ఓడలో బయలుదేరి 1869 నవంబరు 23న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో దిగాడు. దిగిన రోజే అమెరికా పౌరసత్వం కోసం తొలి పత్రం దాఖలు చేశాడు.

విడిచివచ్చినవారు

1870లో ఓరైలీ బోస్టన్ నగరం చేరి, ‘ది పైలట్’ అనే ఐర్లండు కాథలిక్కుల పత్రికలో చేరాడు. అనతికాలంలో సంపాదకుడయ్యాడు. 1873లో తొలి కవితా సంపుటిని ప్రకటించాడు. కీర్తి, కుటుంబం, ఉద్యోగం అన్నీ సమకూరాయి. అయినా అతని మనస్సులో ఒక ముల్లు మిగిలింది. తనతో హూగోమాంట్‌లో వచ్చిన సహచరులలో కొందరు ఫ్రీమాంటిల్‌లోనే ఉండిపోయారు. 1869లోను, 1871లోను ప్రభుత్వం చాలామంది ఫీనియన్లకు క్షమాభిక్ష ప్రకటించింది. మాజీ సైనికులను మాత్రం ఆ జాబితాల నుండి మినహాయించింది. ఓడ ఎక్కిన నాడే చేసిన భేదం ఇప్పుడు యావజ్జీవ బంధనమైంది.

1874లో జేమ్స్ విల్సన్ అనే ఖైదీ రహస్యంగా పంపిన ఉత్తరం న్యూయార్కులోని జాన్ డెవాయ్‌కు చేరింది. అప్పటికి డెవాయ్ కూడా శిక్ష అనుభవించి అమెరికా చేరి ఉన్నాడు. తాము బ్రతికి ఉండగానే సమాధి అయిపోయామని, మరచిపోవద్దని ఆ ఉత్తరం సారాంశం. విల్సన్ వంటివారిని సంస్థలోకి తెచ్చినవాడు డెవాయే. ఆ బాధ్యత అతణ్ణి నిలువనీయలేదు. అమెరికాలోని ఐర్లండు సంఘం వారిని విడిపించడానికి నిధి సేకరించింది.

ఆయుధాలతో జైలుపై దాడి చేయాలని కొందరు ఆలోచించారు. అనుభవం గల ఓరైలీ వేరే సలహా ఇచ్చాడు. తిమింగలాల వేట ఓడను ఎవరూ అనుమానించరు. ఆ ముసుగులోనే వెళ్లాలి. తనను కాపాడిన హాతవేను కలుసుకొమ్మని చెప్పాడు. హాతవే ద్వారా తగిన ఓడ, తగిన కెప్టెను లభించారు. ఓడ పేరు కాటల్పా. కెప్టెను జార్జ్ ఆంథొనీ. అతడు ఐర్లండువాడు కాడు, ఫీనియను కాడు. జరిగిన కథ విని, అది న్యాయమని నమ్మి ఒప్పుకున్నాడు.

1875 ఏప్రిల్‌లో కాటల్పా బయలుదేరింది. జాన్ బ్రెస్లిన్ అనే ఫీనియన్ ముందుగానే ధనిక వ్యాపారి వేషంలో ఫ్రీమాంటిల్ చేరి, అధికారుల మన్ననలు పొందుతూనే ఖైదీలతో సంబంధం ఏర్పరచుకున్నాడు. 1876 ఏప్రిల్ 17న, జైలు వెలుపల పనిలో ఉన్న ఆరుగురు ఖైదీలు గుర్రపు బండ్లలో దక్షిణాన ఉన్న రాకింగ్‌హామ్ తీరానికి తరలిపోయారు. అక్కడ ఆంథొనీ తెడ్ల పడవతో వేచి ఉన్నాడు. ఆ రాత్రి తుఫానులో పడవ మునిగిపోవలసినది. మరునాడు వారు ఓడ చేరుకున్నారు. జార్జెట్ అనే ఆవిరి నౌక వెంటాడి వచ్చి, ఫిరంగి పేల్చి బెదిరించింది. ఆంథొనీ తన ఓడపై ఎగిరే అమెరికా జెండాను చూపాడు. అంతర్జాతీయ జలాలలో ఆ జెండాపై కాల్పులు జరిపితే రెండు దేశాల నడుమ చిక్కు వస్తుందని తెలిసిన అధికారులు వెనుదిరిగారు. 1876 ఆగస్టు 19న ఆరుగురూ న్యూయార్కు చేరారు. వారిలో జేమ్స్ విల్సన్ కూడా ఉన్నాడు.

కలం పట్టిన ఖైదీ

ఆ సంవత్సరమే ఓరైలీ బోస్టన్ ఆర్చ్‌బిషప్ జాన్ విలియమ్స్‌తో కలిసి ‘ది పైలట్’ పత్రికకు యజమాని కూడా అయ్యాడు. పశ్చిమ ఆస్ట్రేలియా శిక్షా స్థావరం నేపథ్యంగా ‘మూండైన్’ అనే నవల వ్రాసి 1879లో గ్రంథంగా ప్రకటించాడు. ఖైదీని జంతువుగా చూసే దండన నీతిని అందులో విమర్శించాడు.

బానిసత్వం రద్దయినా సమానత్వం దక్కని నల్లజాతి అమెరికన్ల పక్షాన అతడు నిర్భయంగా వ్రాశాడు, మాట్లాడాడు. ఆనాటి అమెరికాలో ఐర్లండు వలసదారులు, నల్లజాతివారు కూలిపనుల కోసం ఒకరితో ఒకరు పోటీపడేవారు. ఇరువురి మధ్య వైరం ఉండేది. తన పాఠకులకే రుచించని మాటను అతడు చెప్పగలిగాడు. 1770లో బోస్టన్‌లో బ్రిటిషు సైనికుల కాల్పులకు బలియైన క్రిస్పస్ అటక్స్, అతని సహచరుల స్మారకాన్ని 1888లో ఆవిష్కరించినపుడు ఓరైలీ వ్రాసిన కవితనే ఆ సభలో వినిపించారు. యూదుల పట్ల, అమెరికా ఆదివాసుల పట్ల జరిగే అన్యాయాలను కూడా అతడు ఖండించాడు.

అతని భావాలకు పరిమితులు కూడా ఉన్నాయి. స్త్రీలకు ఓటు హక్కు ఇవ్వడాన్ని అతడు వ్యతిరేకించాడు. ఎన్నో సంకెళ్లను గుర్తించిన దృష్టి ఈ ఒక్క సంకెలను గుర్తించలేకపోయింది. గొప్పవారి జీవితాలను చదివేటపుడు వారి వెలుగుతోపాటు ఈ నీడలను కూడా చూడటం అవసరం.

ఓరైలీ 1890 ఆగస్టు 10న బోస్టన్ సమీపాన గల హల్ అనే చోట మరణించాడు. నిద్రలేమితో బాధపడుతూ తీసుకొన్న నిద్రమందు మోతాదు మించడం మరణకారణమైంది. అప్పటికి అతని వయస్సు నలభై ఆరు సంవత్సరాలు. అమెరికా చేరిన తరువాత అతడు మరల ఐర్లండు నేలపై కాలుపెట్టలేదు. చట్టం దృష్టిలో అతడు చివరివరకు పారిపోయిన ఖైదీయే. సముద్రం దాటించిన శిక్ష నుండి తప్పించుకొన్నవాడు, స్వదేశానికి దూరమయ్యే శిక్షనుండి మాత్రం తప్పించుకోలేకపోయాడు.

1896లో బోస్టన్ నగరం అతనికి స్మారకాన్ని నిర్మించింది. దానిని మలచిన డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్, తరువాతి కాలంలో వాషింగ్టన్‌లోని అబ్రహాం లింకన్ విగ్రహానికి రూపకల్పన చేసిన శిల్పి. అతడు పారిపోయిన బన్‌బరీ ప్రాంతంలో కూడా స్మారకం వెలసింది. 1991లో మూతపడిన ఫ్రీమాంటిల్ జైలు 2010లో ప్రపంచ వారసత్వ కట్టడాల జాబితాలో చేరింది. ఒకనాడు ఎవరూ చూడగోరని ఆ గోడలను చూడటానికి నేడు యాత్రికులు వస్తున్నారు.

ఓరైలీ ఒక్కడే పారిపోయి ఉంటే ఇది ఒక సాహసగాథగా మిగిలేది. మెకేబ్, మగ్వైర్, హాతవే తనకు చేసిన ఉపకారాన్ని అతడు వారికి తిరిగి ఇవ్వలేకపోయాడు. ఆ ఋణాన్ని కాటల్పాను ఎదురుచూస్తున్న ఆరుగురికి చెల్లించాడు. తన జాతికి చెందని పీడితుల పక్షాన పట్టిన కలంతో చెల్లించాడు. పొందిన స్వేచ్ఛను పంచుకోవడంలోనే ఆ ద్వీపాంతరవాసి జీవితానికి సార్థకత లభించింది.